బీపీ మందులు వాడేవాళ్ళు ఆ మాత్ర వేసుకోవచ్చా? అసలు ప్రమాదం ఎక్కడుందంటే

రాత్రి ఎనిమిదిన్నర దాటాక మెడికల్ షాపు దగ్గర ఒకాయన కాస్త పక్కగా నిలబడి ఉంటాడు. పిల్లాడి జ్వరానికి సిరప్ కొంటున్న ఆవిడ వెళ్ళిపోవాలి, షుగర్ మందులు తీసుకుంటున్న పెద్దాయన కూడా వెళ్ళిపోవాలి, అప్పుడు కౌంటర్ మీదకి వంగి గొంతు తగ్గించి అంగస్తంభనకి వాడే వయాగ్రా రకం మాత్ర అడుగుతాడు. లోపలున్న కుర్రాడు ఒక్క మాట అడగడు. స్ట్రిప్పులోంచి రెండు బిళ్ళలు కత్తెరతో కత్తిరించి చిన్న కాగితం కవర్లో వేసి ఇచ్చేస్తాడు. ఆ ముక్క మీద మందు పేరు సగమే ఉంటుంది, ఎన్ని మిల్లీగ్రాములో కనపడదు, ఎక్స్‌పైరీ డేట్ ఉన్న భాగం షాపులోనే మిగిలిపోతుంది. ఇంటికొచ్చాక ఆ రెండు బిళ్ళలు బీపీ మందుల డబ్బాలోకి చేరవు, పర్సు లోపలి అరలోనో బీరువాలో చొక్కాల కిందనో ఉంటాయి. ఈ దాచిపెట్టడం అనేదే ఈ విషయంలో సగం ప్రమాదం, అది ఎలాగో చివర్లో చూద్దాం.

ఈ మందు మన దేశంలో డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడనిది. కానీ చీటీ రాయించుకోవాలంటే డాక్టర్ ముందు నోరు విప్పాలి, అది చాలామందికి చచ్చేంత సిగ్గు, అందుకే షాపు దగ్గరికే వెళ్తారు. ఇంకో పక్క బీపీ ఉన్నవాళ్ళు తక్కువేం లేరు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 ఏళ్ళు దాటిన మగవాళ్ళలో 24 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉండటమో, బీపీ మందులు వాడుతూ ఉండటమో కనిపించింది. అంటే నలుగురిలో ఒకరు. నలభై, యాభై దాటినవాళ్ళలో బీపీ, షుగరు, అంగస్తంభన సమస్య మూడూ కలిసే వస్తుంటాయి కాబట్టి ఈ రెండు రకాల మందులూ ఒకే ఒంట్లో కలవడం అరుదైన సంగతేం కాదు, రోజూ జరిగేదే.

సూటిగా చెప్పాలంటే, మామూలు బీపీ మందులు చాలావాటితో ఈ మాత్రలు డాక్టర్ సలహా మీద వాడొచ్చు. కానీ గుండె నొప్పికి వాడే నైట్రేట్లు అనే ఒక కుటుంబం మందులు ఉన్నాయి, వాటితో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు, ఒక్కసారి కూడా. జనంలో ఈ రెండూ తారుమారయ్యాయి. టెల్మిసార్టాన్ అనే మామూలు బీపీ మాత్ర ఒక్కటి వేసుకునే ఆయన "అమ్మో బీపీ ఉంది, గుండె ఆగిపోతుంది" అని భయపడి సంవత్సరాల తరబడి బాధపడుతుంటాడు, గుండె నొప్పికని జేబులో సార్బిట్రేట్ అనే నైట్రేట్ మాత్ర పెట్టుకుని తిరిగే ఆయన మాత్రం ఏ అనుమానమూ లేకుండా వేసేసుకుంటాడు. భయపడాల్సినవాళ్ళు భయపడట్లేదు, అక్కర్లేనివాళ్ళు భయపడుతున్నారు.

ఎందుకలా అనేది అర్థం కావాలంటే ఈ మందు పుట్టుక తెలియాలి. సిల్డెనాఫిల్ (వయాగ్రా అని లోకానికి తెలిసినది) మొదట ఈ పని కోసం తయారుచేసింది కాదు. ఇంగ్లండులో శాండ్‌విచ్ అనే ఊళ్ళో ఫైజర్ కంపెనీ ల్యాబులో బీపీకి, గుండె నొప్పికి మందు వెతుకుతుంటే వచ్చింది, గుండె నొప్పికి అనుకున్నంత పనిచేయలేదు కానీ ట్రయల్స్‌లో మగవాళ్ళకి అంగస్తంభన కలిగించే ఈ రెండో గుణం బయటపడింది. 1998 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. తర్వాత 2003లో అక్కడే ఇదే రకం మందులు వార్డెనాఫిల్, టడలాఫిల్ వచ్చాయి. కాబట్టి ఇది పుట్టుకతోనే రక్తనాళాల మందు. ఊపిరితిత్తుల్లో రక్తపోటు పెరిగే జబ్బుకి ఇదే సిల్డెనాఫిల్ 20 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు ఆడవాళ్ళకి కూడా ఇస్తారు, చీటీలో ఆ పేరు చూసి కంగారుపడిన కుటుంబాలు ఉన్నాయి.

పనిచేసే తీరు ఇది. రక్తనాళం గోడలో సన్నటి కండరం ఉంటుంది, అది బిగిస్తే నాళం సన్నబడుతుంది, వదులైతే వెడల్పవుతుంది. వదులవమని చెప్పేది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు, దాన్ని ఒళ్ళే తయారుచేసుకుంటుంది. ఆ వాయువు వల్ల కండరం లోపల సీజీఎంపీ అనే పదార్థం పెరుగుతుంది, అది పెరిగితే కండరం వదులవుతుంది. తర్వాత పీడీఈ5 అనే ఎంజైమ్ వచ్చి ఆ సీజీఎంపీని విరగ్గొట్టేస్తుంది, మళ్ళీ నాళం మామూలు స్థితికి వస్తుంది. సిల్డెనాఫిల్, టడలాఫిల్ లాంటివి చేసేదల్లా ఆ ఎంజైమ్‌ని కాసేపు ఆపడమే. అందుకే మనసులో కోరిక, స్పర్శ లేకుండా ఉత్తినే మాత్ర వేసుకుంటే ఏమీ జరగదు, ఎందుకంటే ముందు నైట్రిక్ ఆక్సైడ్ రావాలి కదా.

ఇప్పుడు పెరట్లో నీళ్ళ తొట్టి అనుకోండి. పైన కుళాయి, కింద నీళ్ళు పోయే కన్నం. సిల్డెనాఫిల్ కింద కన్నాన్ని కాస్త మూస్తుంది, కుళాయి మామూలుగా వస్తుంటే తొట్టి కొద్దిగా నిండుతుంది, అంతే. కానీ నైట్రేట్ మందులు ఉన్నాయే, అవి నేరుగా నైట్రిక్ ఆక్సైడ్‌ని ఒంట్లోకి వదులుతాయి, అంటే పైన కుళాయిని పూర్తిగా తిప్పేస్తాయి. కింద మూసేసి పైన పూర్తిగా తిప్పితే తొట్టి పొంగి పొర్లుతుంది. ఒంట్లో అలా జరిగితే ఒకేసారి రక్తనాళాలన్నీ వదులైపోయి బీపీ దబ్బున పడిపోతుంది, మెదడుకీ గుండెకీ రక్తం అందదు. అప్పటికే గుండె నాళాల్లో పూడిక ఉన్న మనిషికి ఇది ప్రాణం మీదకి వస్తుంది. మోతాదు తగ్గిస్తేనో, సగం బిళ్ళ వేసుకుంటేనో సరిపోయే సంగతి కాదిది.

నైట్రేట్లు అంటే ఏవేవి? మన ఇళ్ళలో అందరికీ తెలిసింది నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్, అంటే ఐసోసార్బైడ్ డైనైట్రేట్. ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ అని రోజూ మింగేది ఉంటుంది. నైట్రోగ్లిజరిన్ అయితే మాత్రగా, నాలుక కింద కొట్టుకునే స్ప్రేగా, ఛాతీ మీద అంటించుకునే ప్యాచ్‌గా కూడా దొరుకుతుంది. వీటితో పాటు ఎక్కువమంది మర్చిపోయేది నికొరాండిల్. మన దగ్గర గుండె డాక్టర్లు దీన్ని బాగానే రాస్తారు, పేరులో నైట్రేట్ అని ఉండదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, కానీ దాని లోపల నైట్రేట్ గుణం ఉంది, కాబట్టి అదే నిషేధం దీనికీ వర్తిస్తుంది. ఊపిరితిత్తుల బీపీకి వాడే రియోసిగ్వాట్ కూడా ఇదే వరస. కుర్రాళ్ళు కొందరు పార్టీల్లో పీల్చే పాపర్స్ అనేవి కూడా నైట్రైట్లే, అవీ కలవకూడదు.

చాలామంది అడిగే ప్రశ్న, సార్బిట్రేట్ రోజూ వేసుకోను కదా, నొప్పి వస్తేనే కదా అని. ఆ మాటలోనే చిక్కు ఉంది. నొప్పి ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు, ఆ మాత్ర వేసుకున్న రాత్రే రావచ్చు, పైగా శ్రమ పడే సమయం కూడా అదే. సిల్డెనాఫిల్ వేసుకున్నాక కనీసం 24 గంటలు, టడలాఫిల్ అయితే కనీసం 48 గంటలు నైట్రేట్ దగ్గరికి పోకూడదని గుండె వైద్యుల మార్గదర్శకాలు చెబుతాయి. తేడా ఎందుకంటే సిల్డెనాఫిల్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 4 గంటలు పడితే టడలాఫిల్‌కి 17 గంటలు దాటుతుంది. శనివారం రాత్రి టడలాఫిల్ వేసుకున్న మనిషి ఆదివారం మధ్యాహ్నం "అది నిన్నటి సంగతి" అనుకుంటాడు, కానీ మందు సగం పైగా ఇంకా ఒంట్లోనే ఉంది. కత్తిరించిన స్ట్రిప్పు ముక్క మీద పేరు సగమే ఉండటం ఎంత ముప్పో ఇక్కడ అర్థమవుతుంది, తను వేసుకున్నది 24 గంటల రకమో 48 గంటల రకమో ఆ మనిషికే తెలియదు.

ఇక మామూలు బీపీ మందుల దగ్గరికొద్దాం. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఒల్మిసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్, అమ్లోడిపిన్, సిల్నిడిపిన్, మెటోప్రొలాల్, నెబివొలాల్, మూత్రం ఎక్కువగా పోయించే నీళ్ళ మాత్రలు... ఇవన్నీ నైట్రేట్లు కావు. సిల్డెనాఫిల్ 100 మిల్లీగ్రాములు ఒక్కటే ఇస్తే సగటున పై బీపీ 8, కింద బీపీ 5 నుంచి 6 పాయింట్ల దాకా తగ్గింది. అమ్లోడిపిన్ వాడుతున్నవాళ్ళకి ఇచ్చి చూసినప్పుడు అదనంగా తగ్గింది పైన 8, కింద 7. అంటే రెండూ కలిసి పేలిపోలేదు, ఎవరి వాటా వాళ్ళు తగ్గించారు, అంతే. బీపీ అదుపులో ఉండి 135/85 ఉన్న మనిషికి ఇది పెద్ద లెక్కలోది కాదు, కాస్త తల తేలిగ్గా అనిపించొచ్చు, మొహం ఎర్రబడొచ్చు, తలనొప్పి రావచ్చు. కానీ నాలుగు రకాల బీపీ మందులు వాడుతున్నవాళ్ళు, గుండె వైఫల్యానికి సాక్యుబిట్రిల్ వాల్సార్టాన్ వాడేవాళ్ళు, 65 దాటినవాళ్ళు, కిడ్నీ లివర్ సరిగా లేనివాళ్ళ విషయం వేరు, వాళ్ళకి అదే 8 పాయింట్లు ఎక్కువైపోవచ్చు. అందుకే వాళ్ళకి డాక్టర్లు 25 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, షాపువాళ్ళు మాత్రం ఎక్కువమందికి చేతికందిన 100 ఇచ్చేస్తుంటారు. బీపీ మందుల్లోనే డిల్టియాజెమ్, వెరపామిల్ అనే రెండున్నాయి, ఇవి లివర్‌లో సిల్డెనాఫిల్ అరిగిపోవడాన్ని కూడా నెమ్మదింపజేస్తాయి, 50 వేసుకున్నా ఒంట్లో అంతకన్నా ఎక్కువ వేసుకున్నట్టు ఉంటుంది.

మధ్యలో ఒక రకం ఉంది, పూర్తిగా వద్దని కాదు, ధైర్యంగా వేసుకోమనీ కాదు. ఆల్ఫా బ్లాకర్లు. ప్రాజోసిన్ అని మన దగ్గర కిడ్నీ జబ్బుతో బీపీ ఉన్నవాళ్ళకి బాగా రాస్తారు, డాక్సాజోసిన్, టెరాజోసిన్ కూడా అవే. ఇవి కూడా రక్తనాళాల్ని వదులు చేసేవే, కూర్చున్నప్పుడు బాగానే ఉంటుంది, లేచి నిలబడగానే బీపీ జారిపోతుంది. ప్రాజోసిన్ అయితే మొదటి డోసుకే పడిపోయినవాళ్ళున్నారు, అందుకే దాన్ని పడుకునే ముందు మొదలుపెట్టిస్తారు. ఇప్పుడు అదే పడుకునే వేళకి సిల్డెనాఫిల్ కూడా తోడైతే, అర్ధరాత్రి బాత్రూంకి లేచిన మనిషి గుమ్మం దగ్గర కూలబడి తల పగలగొట్టుకోవచ్చు. గుండె బానే ఉంటుంది, బీపీ ఐదు నిమిషాల్లో సర్దుకుంటుంది, కానీ తుంటి ఎముక విరిగితే అరవై ఏళ్ళాయనకి అది చిన్న విషయమా? ప్రొస్టేట్‌కి వాడే టామ్సులోసిన్, సైలొడోసిన్ కూడా ఈ కుటుంబమే కానీ ప్రొస్టేట్ మీదే ఎక్కువ పనిచేస్తాయి కాబట్టి ముప్పు తక్కువ, టడలాఫిల్ 5 మిల్లీగ్రాముల్ని ప్రొస్టేట్‌కే డాక్టర్లు విడిగా రాస్తారు కూడా. పద్ధతి ఏంటంటే ముందు ఆల్ఫా బ్లాకర్ ఒంటికి అలవాటుపడి బీపీ నిలకడగా ఉండాలి, తర్వాతే రెండోది తక్కువ డోసులో మొదలవ్వాలి, ఆ నిర్ణయం డాక్టర్‌దే అవ్వాలి. కార్వెడిలాల్, లాబెటలాల్ కూడా బీటా బ్లాకర్లని (మెటోప్రొలాల్ లాగా గుండె వేగం తగ్గించే రకం) అనుకుంటాం కానీ వాటిలో ఆల్ఫా గుణం కూడా కలిసే ఉంది, గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో తప్పుడు అలవాటు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఆ రోజు ఆ మాత్ర వేసుకోవాలి కాబట్టి పొద్దున బీపీ మాత్ర మానేయడం. రెండూ కలిస్తే ప్రమాదం కదా అని తెలివిగా చేస్తున్నామనుకుంటారు. ఇది పూర్తిగా తిరగబడే లెక్క. బీటా బ్లాకర్ దబ్బున ఆపితే గుండె వేగం, బీపీ ఎగదన్నుతాయి, క్లోనిడిన్ అనే బీపీ మందు అయితే ఇంకా దారుణం. అసలు బీపీ 170/110 దాటి ఉన్నప్పుడు ఈ మాత్రలు వద్దనే మందు సమాచార పత్రంలోనే హెచ్చరిక ఉంటుంది, 90/50 కన్నా తక్కువ ఉన్నా అంతే, గత 6 నెలల్లో హార్ట్ ఎటాకో పక్షవాతమో వచ్చినా అంతే.

బీపీ మందులు మానేయడానికి ఇంకో కారణం కూడా జనం చెబుతారు, "ఈ మందుల వల్లే నాకు ఆ సమస్య వచ్చింది" అని. అందులో నిజం లేకపోలేదు. పాత బీటా బ్లాకర్లు, నీళ్ళ మాత్రల్లో థయజైడ్ రకం, స్పైరొనొలాక్టోన్, క్లోనిడిన్ కొంతమందిలో స్తంభన తగ్గిస్తాయి. సార్టాన్ రకాలకి ఆ చెడ్డపేరు లేదు, బీటా బ్లాకర్లలో నెబివొలాల్ కూడా నయమే. కాబట్టి మందు మానేయడం కాకుండా మందు మార్చమని అడిగే దారి ఉంది, అడిగితే చాలామంది డాక్టర్లు మారుస్తారు కూడా. కానీ మనసు పాత్ర ఎంతుందో చెప్పే ఒక పరిశోధన ఉంది. 2003లో ఇటలీ డాక్టర్లు అచ్చు ఇదే పరీక్షించారు. అప్పటిదాకా స్తంభన సమస్య లేని 96 మంది గుండె, బీపీ రోగులకి అటెనొలాల్ అనే బీటా బ్లాకర్ ఇచ్చారు. 32 మందికి మందు పేరే చెప్పలేదు, 32 మందికి పేరు చెప్పారు, మిగతా 32 మందికి పేరుతో పాటు దీనివల్ల స్తంభన సమస్య రావొచ్చని కూడా చెప్పారు. మొదటి గుంపులో సమస్య వచ్చింది ఒక్కరికి, రెండో గుంపులో ఐదుగురికి, మూడో గుంపులో పదిమందికి. మందు ఒకటే, డోసు ఒకటే! తర్వాత ఆ సమస్య వచ్చినవాళ్ళకి సిల్డెనాఫిల్ ఇచ్చినా, మందు లేని ఉత్త బిళ్ళ ఇచ్చినా దాదాపు ఒకేలా తగ్గింది. మనవాళ్ళు "ఫలానా మందు వేసుకున్నాక అంతా పోయింది" అని ఒకరికొకరు చెప్పుకునే మాటలు ఎంత పనిచేస్తాయో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

అలాగని సమస్యంతా మనసుదే అని కొట్టిపారేయడం కూడా తప్పే. స్తంభన తగ్గడం చాలాసార్లు రక్తనాళాలు పాడవుతున్నాయని ఒళ్ళు ముందుగా పంపే కబురు. అంగంలో నాళాలు 1 నుంచి 2 మిల్లీమీటర్లు, గుండె నాళాలు 3 నుంచి 4 మిల్లీమీటర్లు. పూడిక మొదలైతే సన్న పైపు ముందు మూసుకుంటుంది, లావు పైపు తర్వాత. అందుకే గుండె నొప్పి బయటపడటానికి రెండు మూడేళ్ళ ముందే ఈ సమస్య కనపడటం చాలామందిలో చూశారు. షాపులో బిళ్ళ కొనుక్కుని పని కానిచ్చేసుకుంటే ఆ కబురు చదవకుండానే చింపేసినట్టు. అదే డాక్టర్ దగ్గరికి వెళ్తే షుగరు, కొలెస్టరాలు, ఈసీజీ చూస్తాడు, సిగరెట్ మానమంటాడు. ఆగకుండా రెండంతస్తుల మెట్లు ఆయాసం, ఛాతీ బిగువు లేకుండా ఎక్కగలుగుతున్నావా అని కూడా అడుగుతాడు, ఎందుకంటే కలయికకి గుండె మీద పడే బరువు దాదాపు అంతే.

మూలికల పొడులు, లేహ్యాలు, "నూటికి నూరుపాళ్ళు ఆయుర్వేదం" అని అమ్మే క్యాప్సూళ్ళ గురించి ఒక్క మాట. డాక్టర్ దగ్గర సిగ్గుపడినవాళ్ళు, గుండె మందులు వాడుతూ భయపడినవాళ్ళు "ఇది అయితే సైడ్ ఎఫెక్ట్ ఉండదు" అని వీటి దగ్గరికి పోతారు. ఇలాంటి మూలికల పేరుతో అమ్మే సరుకులో లేబుల్ మీద రాయకుండా సిల్డెనాఫిలో టడలాఫిలో కలిపినవి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మళ్ళీ మళ్ళీ పట్టుకుని హెచ్చరికలు ఇస్తూనే ఉంది. గంటలో గట్టిగా పనిచేసిన పొడి అంటే లోపల ఏముందో అనుమానించాల్సిందే. సార్బిట్రేట్ వాడే మనిషి ఇంగ్లీషు మందు వద్దనుకుని తెచ్చుకున్న పొడిలోనే ఆ మందు ఉంటే ఇంకేముంది.

మందు తాగి వేసుకోవడం కూడా ఇదే కోవ, ఆల్కహాల్ కూడా నాళాల్ని వదులు చేస్తుంది కాబట్టి లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి. ఫంగస్‌కి వాడే ఇట్రాకొనజోల్, కీటోకొనజోల్, గొంతు ఇన్ఫెక్షన్‌కి ఇచ్చే క్లారిత్రోమైసిన్ ఒంట్లో ఈ మందు స్థాయిని బాగా పెంచేస్తాయి. తామరకని ఇట్రాకొనజోల్ నెలల తరబడి వాడుతున్నవాళ్ళు ఇప్పుడు వీధికి పదిమంది ఉన్నారు, వాళ్ళు ఈ మాట తప్పకుండా డాక్టర్‌కి చెప్పాలి. బిర్యానీ తిన్న వెంటనే సిల్డెనాఫిల్ వేసుకుంటే కొవ్వు వల్ల పనిచేయడం గంట ఆలస్యమవుతుంది, పనిచేయలేదనుకుని ఇంకోటి వేసుకుంటారు, గంట తర్వాత రెండూ కలిసి ఎక్కుతాయి. ఒక రోజులో ఒక్కటే, అది గుర్తుంటే చాలు.

ఇప్పుడు మొదట్లో అన్న ఆ పర్సులో దాచిన బిళ్ళ సంగతి. రాత్రి పదకొండున్నరకి ఆయనకి ఛాతీ పట్టేసినట్టయింది, చెమటలు పోస్తున్నాయి. భార్య లేచి బీపీ డబ్బా తెరుస్తుంది, గుండె డాక్టర్ చెప్పినట్టే సార్బిట్రేట్ తీసి నాలుక కింద పెడుతుంది. ఆవిడ చేసింది ముమ్మాటికీ సరైన పనే, ఆవిడకి తెలిసినంతలో. గంట క్రితం ఆయన వేసుకున్న బిళ్ళ ఆ డబ్బాలో లేదు, ఆవిడకి తెలియదు, ఆయన నొప్పిలో చెప్పలేడు, లేదా చెప్పడానికి నోరు రాదు. డబ్బా లేని ఇల్లయితే పక్కింటి పెద్దాయన తన సార్బిట్రేట్ తెచ్చి ఇస్తాడు, ఆర్‌ఎంపీ డాక్టర్ వచ్చినా మొదట అదే పెడతాడు, మన ఊళ్ళలో గుండె నొప్పి అంటే చెయ్యి ముందు దానిమీదకే పోతుంది. ప్రాణం నిలబెట్టాల్సిన మాత్రే బీపీని పాతాళానికి తోసేస్తుంది.

అలాంటప్పుడు చేయాల్సింది, నైట్రేట్ పెట్టకుండా మనిషిని పడుకోబెట్టి 108కి ఫోన్ చేయడం. ఫోన్లో, అంబులెన్స్‌లో, క్యాజువాలిటీలో, మూడు చోట్లా "ఫలానా మాత్ర ఇన్ని గంటలకి వేసుకున్నారు" అని చెప్పాలి, బిళ్ళ ముక్క మిగిలుంటే చేతిలో పట్టుకుని వెళ్ళాలి. నైట్రేట్ లేకుండా గుండెపోటుకి వైద్యం చేసే దారులు వాళ్ళ దగ్గర ఉన్నాయి, ఆ మాట వినడం వాళ్ళకి కొత్తా కాదు, దానికి ఎవరూ నవ్వరు.

బ్రిటన్‌లో 2018 నుంచి సిల్డెనాఫిల్ 50 మిల్లీగ్రాముల మాత్రని డాక్టర్ చీటీ లేకుండానే ఫార్మసీలో అమ్ముతున్నారు. కానీ అక్కడ ఫార్మసిస్ట్ కొన్ని ప్రశ్నలు అడిగాకే ఇస్తారు, గుండె జబ్బు ఉందా, ఛాతీ నొప్పి వస్తుందా, ఏయే మందులు వాడుతున్నారు, నైట్రేట్ వాడుతున్నారా. వాడుతున్నాను అంటే ఇవ్వరు, డాక్టర్‌ని కలవమంటారు. అక్కడ ఉంటున్న మన తెలుగువాళ్ళు ఇక్కడి నాన్నల కోసం తెచ్చే సంచుల్లో ఈ మాత్రలు ఉండకపోవచ్చు కానీ ఆ ప్రశ్నలు మాత్రం తేవొచ్చు. మన దగ్గర కౌంటర్ వెనకున్న కుర్రాడు కత్తెర తీసే ముందు "గుండె మాత్రలేమైనా వాడుతున్నారా అన్నా, నాలుక కింద పెట్టుకునేది ఉందా?" అని గొంతు తగ్గించి అడగడానికి పది సెకన్లు కూడా పట్టదు.